నేనొక్కదాన్నే ఫ్యామిలీ

లక్నో చౌక్‌లో, అక్బరీ గేటు దగ్గర, ఆదివారం పొద్దున్నే ఒక నిహారీ (రాత్రంతా సన్నసెగ మీద ఉడికించిన మాంసం పులుసు) హోటలు గుమ్మంలో నిలబడ్డాను. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని మెడ చాచి చూశాడు. ఎవరూ లేరు. "కిత్నే లోగ్?" అన్నాడు. "ఏక్" అన్నాను. కాసేపు ఆలోచించి లోపలికి కేకేశాడు: "ఊపర్ ఏక్ ఫ్యామిలీ!"

కింద హాలు నిండా మగవాళ్ళు. ఆడవాళ్ళొస్తే మేడ మీదికి పంపుతారు. మేడ మీద గది పేరు ఫ్యామిలీ. కాబట్టి నేను ఫ్యామిలీ. ఆరుగురు కూర్చునే బల్ల ముందు ఆ హోదాలోనే ఒక్కదాన్నే కూర్చున్నాను. వచ్చిన కుర్రాడు బల్లనీ నన్నూ మార్చి మార్చి చూడలేదు. "ఛోటే కా హాఫ్, ఏక్ కుల్చా?" అని తనే అడిగాడు. ఛోటే అంటే మేక, బడే అంటే గేదె. లక్నోలో కూర్చున్న మొదటి నిమిషంలోనే నేర్చుకోవలసిన పదాలు ఈ రెండూ. కానీ నాకు ప్రాణం లేచొచ్చింది మాత్రం ఆ 'హాఫ్' అన్న మాటకి.

నవంబరు రెండో వారంలో వెళ్ళాను. శనివారం పొద్దున దిగడం, సోమవారం సాయంత్రం తిరుగు విమానం. శరత్తు ఇంకా పూర్తిగా పోలేదు. పొద్దున్నే గోమతి నది మీద పలచటి మంచు, పదింటికల్లా చురుక్కుమనని ఎండ, రాత్రికి శాలువా ఒకటి ఉంటే బాగుండుననిపించే చలి. మే నెలలో అక్కడ 40 డిగ్రీలు దాటే ఎండలో నిహారీ తినేవాళ్ళకి నా నమస్కారం. జనవరిలో వెళ్దామంటే పొగమంచుకి రైలెప్పుడొస్తుందో, విమానం ఎప్పుడెగురుతుందో ఎవరూ చెప్పలేరు. తిండి కోసం వెళ్ళేవాళ్ళకి ఇదే అదను. కార్తీకమాసం కావడం ఒక్కటే చిక్కు. "కార్తీకంలో కబాబులకని ఊరెళ్తావుటే?" అని అమ్మ. సోమవారం ముట్టనని ఒప్పందం చేసుకుని బయల్దేరాను.

తిరిగొచ్చాక అందరిదీ ఒకటే మాట: "ఒక్కదానివే వెళ్ళావా! నీకు ధైర్యం ఎక్కువే." ఈ మాట మీద నాకు చాలా కాలంగా కోపం ఉంది. ఒంటరిగా తిరిగే ఆడవాళ్ళ గురించి రాసేవాళ్ళు కూడా ధైర్యం దగ్గర మొదలుపెట్టి ధైర్యం దగ్గరే ఆపేస్తారు. మహా అయితే మధ్యలో 'మనల్ని మనం తెలుసుకోవడం' అని ఒకటి. భయం అబద్ధమని నేననను. గది హజ్రత్‌గంజ్‌లో మెట్రో స్టేషనుకి దగ్గరగా తీసుకున్నాను, రాత్రి తొమ్మిదికల్లా లోపలుండేదాన్ని, ఎక్కడున్నదీ చెల్లెలికి ఫోన్లో కనబడుతూనే ఉంది. అయితే ఇదంతా బయల్దేరే ముందు పది నిమిషాల పని. ఆ తర్వాత మూడు రోజులూ నాకు కావలసింది ధైర్యం కాదు, హాఫ్ ప్లేటు.

ఒక ఊరు ఒంటరి మనిషికి పనికొస్తుందా లేదా అనేది ఆ ఊరి కొలత ఎంత అన్నదాని మీద ఉంటుందని నా వాదన. ఒక్కరికి సరిపడా అమ్ముతుందా? ఒక్కరికి అయ్యేంతే డబ్బు తీసుకుంటుందా? మిగతావన్నీ దీని తర్వాతే.

మన దేశంలో పర్యాటకం అంటే జంటో, కుటుంబమో, బస్సు నిండా జనమో. హోటల్ గదిలో అడుగు పెట్టగానే తెలిసిపోతుంది: రెండు నీళ్ళ సీసాలు, రెండు కప్పులు, రెండు జతల కాగితం చెప్పులు, అద్దె కూడా ఇద్దరిది. పాతబస్తీ నడక చూపిస్తారంటే ఒకచోటికి ఫోన్ చేశాను. "కనీసం ఇద్దరుండాలి మేడమ్, లేదా ఇద్దరి డబ్బులివ్వండి" అన్నారు. రెండో మనిషి వాటాకి నడక ఎవరు నడుస్తారని అడగబోయి ఊరుకున్నాను. ఆదివారం రాత్రి దీపాలూ గజళ్ళూ ఉన్న పెద్ద రెస్టారెంటుకి వెళ్తే, సగం బల్లలు ఖాళీగా ఉండగా నన్ను స్తంభం వెనక, చేతులు కడుక్కునే చోటు పక్కన కూర్చోబెట్టారు. బిర్యానీలో హాఫ్ ఉందా అంటే లేదు. వచ్చిన హండీ ముగ్గురికి చాలుతుంది. మూడో వంతు తిని, మిగిలింది కట్టించుకుని, బయట సైకిల్ రిక్షా మీద కునుకు తీస్తున్నతన్ని లేపి ఇచ్చాను. అతను మూత తీసి వాసన చూసి, నా వైపు చూసి, మళ్ళీ మూత పెట్టి సీటు కింద జాగ్రత్తగా దాచాడు. ఆ పూట ఆ బిర్యానీకి దక్కిన గౌరవం అదొక్కటే. (ఏ ఊరి బిర్యానీ గొప్పది అన్న గొడవలోకి నేను దిగను. దిగినవాళ్ళెవరూ గెలవలేదు.)

వీధిలోకి వస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది.

పాత లక్నోలో తిరగడానికి ఈ-రిక్షాలే దిక్కు. వెనక ఎదురెదురుగా నలుగురు, డ్రైవరు పక్కన ఇరుక్కుని ఇంకొకరు. మనిషికి పదో ఇరవయ్యో. బండి నిండితే గానీ కదలదు, అందుకని డ్రైవరు "ఏక్ సవారీ! ఏక్ సవారీ!" అని అరుస్తుంటాడు. ఆ మిగిలిన ఒక్క సీటుకి మొగుడూ పెళ్ళాం పనికిరారు, పిల్లలతో వచ్చినవాళ్ళు అసలే పనికిరారు. కావలసింది నేను! ముగ్గురు స్నేహితులు చెయ్యెత్తి ఆపబోతే వాళ్ళని దాటి వచ్చి నా ముందు బండి ఆపినవాడున్నాడు. జీవితంలో ఇంత గిరాకీ నాకెప్పుడూ లేదు.

తిండీ అంతే. శీర్‌మాల్ ఒక్కటి అమ్ముతారు. తందూరులోంచి తీసి కుంకుమపువ్వు పాలు పులిమిన, కాస్త తియ్యటి రొట్టె అది. వేడిగా ఒకటి చేతిలో పెడతారు, నడుస్తూ తుంచుకు తినడమే. టీ ఒక కుల్హడ్, అంటే మట్టి కప్పు. లాల్‌బాగ్‌లో శర్మాజీ కొట్టు దగ్గర ఒక బన్ మక్ఖన్, ఒక గుండ్రటి సమోసా. కబాబులు ప్లేటుకి నాలుగు, సగం కావాలంటే రెండు. ఎవడూ "అంతేనా?" అనడు.

కబాబుల దగ్గర కొంచెం ఆగుతాను. టుండే కబాబీ కొట్టు చౌక్‌లో 1905లో పెట్టింది. పెట్టిన హాజీ మురాద్ అలీకి ఒక చెయ్యి లేదు, 'టుండా' అన్న పేరు అలా వచ్చిందే. చౌక్‌లో పాత కొట్టు బడేకి పేరుపడ్డది, నేను ఛోటే కోసం అమీనాబాద్ వెళ్ళాను. వీధి మొహానే పెద్ద పళ్ళెమంత పెనం, నడుమ గుంట, అందులో నూనె మరుగుతుంటే అంచుల చుట్టూ అరచేతి మందాన కబాబులు వరసగా. కాల్చేవాడు వాటిని ముట్టుకోనట్టే ముట్టుకుని తిప్పుతున్నాడు, గట్టిగా నొక్కితే చితికిపోతాయి. గలావటీ అంటేనే కరిగిపోయేది. పళ్ళూడిన నవాబు కోసం కనిపెట్టారని కథ. పచ్చి బొప్పాయి రుబ్బి కలపడం వల్ల మాంసం అంత మెత్తబడుతుందన్నది వంట. మసాలాలు 160 అని చెప్పుకుంటారు, లెక్కపెట్టినవాళ్ళు నాకు తగల్లేదు. నాకు తెలిసినవి లవంగం వాసనా, తరవాత ఏదో పువ్వు వాసనా, చివర్న నాలుక అంచుల మీద నెమ్మదిగా పాకే కారం. బోర్లించిన పెనం మీద కాల్చిన పరాఠా ముక్కతో కబాబుని తీస్తే తునక రాదు, వేలితో వెన్న తీసినట్టు వస్తుంది. రెండు తిన్నాను. పావుగంట నిలబడి, ఇంకో రెండు తిన్నాను. పక్కన ఎవరైనా ఉంటే ఆ రెండోసారి చెప్పడానికి సిగ్గేసేది.

ఇక్కడ నా స్నేహితురాలి అభ్యంతరం చెప్పాలి, ఎందుకంటే అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. "నలుగురం వెళ్తే నాలుగు రకాలు తెప్పించుకుని పంచుకుంటాం కదే. ఒక్కదానివి ఏం రుచి చూస్తావు?" అంటుంది. నిజమే. లక్నో తిండి గొప్పంతా దస్తర్‌ఖాన్‌ది, అంటే నేల మీద పరిచిన గుడ్డ చుట్టూ పదిమంది చేరి తినడం. ముక్కలు కొట్టకుండా కోడిని అలాగే వండే ముసల్లమ్ లాంటివి ఒక్కరి కోసం ఎవరూ వండరు, నేను వాటి మొహం చూడలేదు. హజ్రత్‌గంజ్‌లో రాయల్ కేఫ్ బాస్కెట్ చాట్ సంగతీ అంతే. బంగాళదుంప తురుముతో గిన్నెలా వేయించి, అందులో టిక్కీలూ పెరుగూ చట్నీలూ దానిమ్మ గింజలూ నింపి ఇస్తారు. లోపలిది తినేశాను గానీ గిన్నె సగం మిగిలిపోయింది. మంచి భాగం అదేనని పక్క బల్ల మీదివాళ్ళని చూశాక తెలిసింది.

అయితే నలుగురితో వెళ్ళినప్పుడు నాకు జరిగేదేమిటో కూడా చెప్పాలి. ఎక్కడ తినాలో తేల్చడానికి ముప్పావుగంట. ఒకరికి కారం పడదు, ఒకరికి ఏసీ కావాలి, ఒకరికి ఫొటో బాగా రావాలి. చివరికి అందరికీ కాస్త కాస్త నచ్చనిచోట కూర్చుంటాం. నాలుగు రకాలు వస్తాయి, నిజమే, కానీ ఆ నాలుగూ ఎవరికీ మొదటి కోరిక కాదు. ఒంటరి మనిషి కడుపు చిన్నదే, అయినా దానికి ఓటింగ్ లేదు. మూడు రోజుల్లో ఏడు పూటలు నావి. వాటిలో ఒకటి పాడైంది, ఆ హండీ బిర్యానీ పూట. ఆరు నేను కోరుకున్నట్టే గడిచాయి. నలుగురితో వెళ్ళిన ఏ ప్రయాణంలోనూ ఇంత మార్కులు రాలేదు.

తిండికీ తిండికీ మధ్య ఏదో ఒకటి అరగాలి కదా, అందుకు చూడవలసినవి. నా ప్రయాణాల్లో సైట్‌సీయింగ్ స్థానం అదే, దాచుకోవడం దేనికి. కానీ లక్నోలో అవి నన్ను ఆ స్థానంలో ఉండనివ్వలేదు.

బడా ఇమాంబాడాకి, అంటే మొహర్రం సంతాప సభల కోసం కట్టిన పెద్ద భవనానికి, శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. లక్నో రాజధానిగా ఏలిన అవధ్ నవాబు ఆసఫుద్దౌలా దీన్ని 1784లో మొదలుపెట్టించాడు. అప్పుడు ఉత్తరాదినంతా పట్టి పీడించిన కరువుకి చాలీసా అని పేరు, విక్రమ సంవత్సరం 1840లో వచ్చింది కనక (చాలీస్ అంటే నలభై). తిండి లేని జనానికి పని చూపించి కూలి ఇవ్వడానికే ఇంత పెద్ద కట్టడం ఎత్తుకున్నాడంటారు. ఊళ్ళో చెప్పుకునే కథ ఇంకొకటుంది: పగలు మామూలు జనం కడితే, రాత్రి చీకట్లో పెద్దింటివాళ్ళు వచ్చి పనిచేసేవాళ్ళట. కరువుకి వాళ్ళూ చితికిపోయారు, కానీ కూలికొచ్చినట్టు ఎవరికీ తెలియకూడదు. ఆ కూలీల కోసం పెద్ద పెద్ద గుండిగల్లో వండి మూతలకి పిండి మెత్తి వేడిగా ఉంచేవారని, ఆ వాసనకి నవాబు ఆగిపోయాడని, దమ్ వంట అలా పుట్టిందని గైడ్ చెప్పాడు. అది మాత్రం నమ్మక్కర్లేదు, మొఘలుల వంటిళ్ళలో దమ్ అంతకు ముందే ఉంది. కానీ తిండికి పేరుపడ్డ ఊళ్ళో ఇంత పెద్ద కట్టడం ఆకలి వల్ల లేచిందన్నది నాకు అక్కడి మెట్ల మీద కూర్చున్నాకే తట్టింది. పొద్దున దిగినప్పటినుంచీ తింటూనే ఉన్నాను.

గైడ్ అన్నాను కదా. భూల్‌భులయ్యాలోకి, అంటే పైనున్న చిక్కుదారుల్లోకి, గైడ్ లేకుండా వెళ్తే బయటికి రావడం మన చేతిలో ఉండదు. ఒకేలా ఉండే గుమ్మాలు 489 అంటారు. గైడ్ రేటు గుంపుకింత అని, మళ్ళీ నా పాత జబ్బే. కాన్పూరు నుంచి వచ్చిన ఒక కుటుంబంతో కలిసిపోయాను. ఇద్దరు పిల్లలు, తల్లీ తండ్రీ, నానమ్మ. భుజాలు రెండూ గోడలకి రాసుకునే మెట్ల దగ్గర ఆ నానమ్మ ఆగి "పహలే ఆప్", ముందు మీరు, అంది, సరదాకే. పహలే ఆప్ అనుకుంటూ రైలు తప్పిపోయిన ఇద్దరు నవాబుల జోకు అందరికీ తెలిసిందే. ఈ ఊరి మర్యాదకి కనీసం ఇద్దరుండాలని అప్పుడనిపించింది. ఒక్కదాన్నే అయితే ఎవరికి దారివ్వను?

తర్వాత హాలు. సుమారు 50 మీటర్ల పొడవు, 16 వెడల్పు, 15 ఎత్తు, మధ్యలో ఒక్క స్తంభం లేదు, ఒక్క దూలం లేదు, అంతా లఖౌరీ ఇటుకా సున్నమూ. పైన చుట్టూ ఉన్న నడవలో గైడ్ నన్ను ఒక కొసకి పంపాడు, వాళ్ళందరినీ తీసుకుని తను అటు కొసకి వెళ్ళాడు. పిల్లలు ఒంటరిగా నిలబడమంటే భయపడ్డారు, నాకు ఎలాగూ అలవాటే అనుకున్నాడేమో. గోడకి ఆనుకుని నిలబడ్డాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత నా చెవి పక్కనే, ఎవరో నా భుజం మీంచి వంగినంత దగ్గరగా, చర్రున అగ్గిపుల్ల గీసిన చప్పుడు. వెనక్కి తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు. అవతల కొసన చిన్న వెలుగు చుక్క. ఆ వెనకే కాగితం చింపిన చప్పుడు, ఆ వెనక చిన్నవాడెవడో "ఆంటీ, సునాయీ దియా?" అని గుసగుస.

ఈ ఒక్కదానికి హాఫ్ ప్లేట్ లేదు. అటు ఒకరు గీస్తే ఇటు ఒకరు వినాలి. నా వాదనకి ఇక్కడ చిల్లు పడిందని ఒప్పుకుంటాను. అది పూడ్చడానికి కాన్పూరు కుటుంబం ఒకటి అవసరమైంది.

ఆదివారం నిహారీ అరగడానికి రెసిడెన్సీ, అంటే ఒకప్పటి బ్రిటిష్ రెసిడెంటు నివాసం. 33 ఎకరాల పచ్చిక మధ్య మొండి గోడలు, గోడల నిండా ఫిరంగి గుళ్ళు తగిలిన గుంటలు. వాటిలో ఇప్పుడు రామచిలుకలు కాపురముంటున్నాయి. 1857 జూన్ ఆఖరున తిరుగుబాటు సేనలు దీన్ని చుట్టుముట్టాయి. లోపల ఇంగ్లీషువాళ్ళు, వాళ్ళ వైపు నిలబడ్డ హిందుస్తానీ సిపాయిలు, ఆడవాళ్ళు, పిల్లలు. సెప్టెంబరు 25న మొదటి సహాయం చేరేదాకా 87 రోజులు. అలా వచ్చినవాళ్ళూ లోపలే చిక్కుపడిపోయారు, చివరికి నవంబరులోనే అందరూ బయటపడగలిగారు. నేను వెళ్ళింది కూడా అదే నెల, బహుశా అదే ఎండ. లోపలున్న రోజులన్నీ గోధుమలూ మాంసమూ కొలిచి ఇచ్చేవారు, మనిషికింత, ఆడవాళ్ళకింత, పిల్లలకింత. కొలతల గురించి కబుర్లు చెప్పే నేను ఆ బోర్డుల ముందు కాసేపు నోరు మూసుకున్నాను. అప్పటి అవధ్ చీఫ్ కమిషనర్ హెన్రీ లారెన్స్ సమాధి ఆ ఆవరణలోనే ఉంది. ముట్టడి మొదలైన నాలుగు రోజులకే, జులై 4న పోయాడు. తన బాధ్యత నెరవేర్చడానికి ప్రయత్నించిన లారెన్స్ ఇక్కడున్నాడు, అని రాసుంది. నెరవేర్చాడని కూడా కాదు, ప్రయత్నించాడని.

చోటా ఇమాంబాడా, రూమీ దర్వాజా, గడియారం గోపురం చూశాను. బాగున్నాయి. రూమీ దర్వాజా ముందునుంచి ఈ-రిక్షాలో వెళ్ళడం ఇంకా బాగుంది.

2025 అక్టోబరు 31న యునెస్కో లక్నోని గాస్ట్రానమీ నగరాల, అంటే తిండికి పేరుపడ్డ ఊళ్ళ, జాబితాలో చేర్చింది. మంచిదే. ఒక్క భయముంది. ఇలాంటి పేరొచ్చిన ఊళ్ళో ముందుగా మారేది కొలత. ప్లేటు పెద్దదవుతుంది, ధర దానికన్నా పెద్దదవుతుంది, రెండు కబాబులడిగితే "టేస్టింగ్ ప్లాటర్ తీసుకోండి మేడమ్, ఇద్దరికి" అంటారు. రెస్టారెంట్లు ఎలాగూ అలాగే ఉన్నాయి, వీధి మాత్రం అలా మారకపోతే చాలు.

సోమవారం అమ్మ మాట నిలబెట్టాను. ఆరున్నరకి గోల్ దర్వాజా దగ్గరున్నాను. అప్పటికే మక్ఖన్ మలాయి బండ్లు వచ్చేశాయి. చలి మొదలయ్యాకే ఇది కనిపిస్తుంది, ఎండలు ముదిరాక మాయమవుతుంది. మరగబెట్టిన పాలలో మీగడ కలిపి రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, తెల్లవారకముందే చిలికితే పైన నురగ కడుతుంది. ఆ నురగే మక్ఖన్ మలాయి. పెద్ద పళ్ళెంలో గోపురంలా ఎత్తి, పైన కుంకుమపువ్వు పసుపూ పిస్తా పలుకులూ. అమ్మేవాడు చిన్న తక్కెడలో తూచి దొన్నెలో వేశాడు. చేతిలో బరువే తెలియలేదు, ఖాళీ దొన్నె ఇచ్చాడేమో అనుకున్నాను. నోట్లో పెట్టుకుంటే నమలడానికేం లేదు, మింగడానికీ లేదు. చల్లగా తగిలి, తియ్యగా మారి, లేకుండా పోయింది. ఇంకోటి వేయమన్నాను. మూడోది అడిగితే అడక్కుండానే కాస్త ఎక్కువ వేశాడు.

అప్పుడే అమ్మ ఫోన్. దీపం పెట్టి చేస్తోంది.

"ఏం తిన్నావు?"

"పాల నురగ."

"అదేం తిండే! సరే, మాకోసం ఏమైనా తెస్తున్నావా?"

"ఇదే తేవాలని ఉందమ్మా, కానీ రాదు. ఎండ పడితే నీళ్ళైపోతుందిట."

బండివాడికి మా మాటలు అర్థం కాలేదు గానీ సంగతి అర్థమైంది. కాస్త ఖాళీగా ఉన్న డబ్బా ఒకటి చూపించి, తల అడ్డంగా ఊపాడు. "ఘర్ తక్ నహీఁ జాయేగా, బహన్‌జీ. యహీఁ ఖా లీజియే." నాలుగో దొన్నె అందుకున్నాను.